గాలి తగలకుండా

మేడమ్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆమె ఫ్రీజర్ ముందే నిలబడి ఉన్నాను. యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటు కింది అంతస్తులో, వరండా చివర, తలుపు రంగు వెలిసిపోయిన పాత ఫ్రీజర్ అది. తార్నాకలోని ఇంటి నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. ముందు ఏడుపు వినపడింది, తర్వాత మాట. "పొద్దున చాయ్ ఇద్దామని పోయిన బిడ్డా. అక్క లేవలే." నేను ఏమన్నానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక చేసిన మొదటి పని మాత్రం గుర్తుంది. ఫ్రీజర్ తలుపు సరిగ్గా పడిందో లేదో అరచేత్తో నొక్కి చూశాను. కాస్త దూరం పోయి, మళ్లీ వెనక్కొచ్చి చూశాను. మనిషి పోయిందంటే తలుపు చూసుకోవడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆమె దగ్గర పని నేర్చుకున్న వాళ్లెవరైనా అదే చేసేవాళ్లు.

నేను ఆమె దగ్గర పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నాను. ఇప్పుడు అదే డిపార్ట్‌మెంటులో పాఠాలు చెబుతున్నాను. మేడమ్ జీవితమంతా హార్మోన్ల మీద, కొవ్వు ఆమ్లాల మీద పని చేశారు. ఆ సంగతి ఎంత తేలికగా చెప్పేవారో ఆమె క్లాసులో కూర్చున్న వాళ్లకు తెలుసు. హార్మోను ఎక్కడి నుంచో కబురు పంపుతుంది. ఆ కబురు అందిన కణం తన గోడలో దాచుకున్న కొవ్వు ఆమ్లాన్ని బయటికి తీసి, అప్పటికప్పుడు దాంతో ఇంకో పదార్థం చేసి, పక్క కణాలకు అందిస్తుంది. గర్భసంచికి ఇక నొప్పులు మొదలుపెట్టు అని చెప్పేవి అలాంటి పదార్థాలే. మరి కొందరు తల్లులకు నెలలు నిండకముందే ఆ మాట ఎవరు చెబుతున్నారు? మేడమ్‌ను పట్టుకుని వదలని ప్రశ్న అది.

ఈ కొవ్వు ఆమ్లాలతో ఒక బాధ ఉంది. గాలి తగిలితే చెడిపోతాయి, ఒకటి ఇంకొకటిగా మారిపోతాయి. మూత తీసి వదిలేసిన నూనె కొన్నాళ్లకు వాసన వచ్చేది అందుకే. మా ల్యాబులో ఏ గొట్టం మూయాలన్నా ముందు దాని మీద నైట్రోజన్ వాయువు సన్నగా వదిలి, లోపలి గాలిని తరిమేసి, అప్పుడు మూత బిగించాలి. మేడమ్ బల్ల ఆ చివర, మావి ఈ చివర. మాలో ఎవరైనా మూత తీసి కబుర్లలో పడితే తల ఎత్తకుండానే "మూత" అనేవారు. అరిచేవారు కాదు, ఆ ఒక్క మాటే. ఇప్పుడు మా ఇంట్లో నేను పచ్చడి సీసా తెరిచి టీవీ వైపు తిరిగితే వెనక నుంచి ఆ మాట వినపడుతోంది. మా ఆయనకు చెబితే నవ్వాడు. నవ్వితే నవ్వనీ, ఆయన ఆమె దగ్గర పని చేయలేదు.

ఆమెది ఇంకో మాట ఉండేది. ఏదైనా కొత్త ఫలితం వస్తే మేము ఎగురుకుంటూ ఆమె దగ్గరికి పోయేవాళ్లం. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఒక్కటేనా?" అని అడిగేవారు. ఒక్క శాంపిల్‌లో వచ్చింది రానట్టే లెక్క. మళ్లీ మళ్లీ, వేరే వేరే మనుషులవి చేసుకుని రావాలి. నాకు పెళ్లి కుదిరినప్పుడు అబ్బాయి ఫోటో తీసుకెళ్లి చూపించాను. కళ్లజోడు పైకి తోసి చూసి, "ఒక్కటేనా?" అన్నారు. ల్యాబంతా పడి పడి నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు, ఫోటో కవర్లో పెట్టి భద్రంగా నా చేతికిచ్చారు.

మేము పని చేసింది మాయల మీద. బిడ్డ పుట్టాక బయటికి వచ్చే మాయ. పల్లెల్లో దాన్ని ఇంటి దగ్గరే గొయ్యి తీసి పాతిపెడతారు. మేడమ్ పొద్దున్నే సిటీ బస్సెక్కి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి పోయి, తల్లుల్ని అడిగి, ఇచ్చిన వాళ్లవి ఐసు నింపిన నీలం ఫ్లాస్కులో పెట్టుకుని తెచ్చేవారు. బస్సులో ఒకసారి ఒక ముసలాయన ఆ ఫ్లాస్కు చూసి, జర గొంతు తడుపుకుంటా నీళ్లు పొయ్యమ్మా అన్నాడు. మేడమ్ ఏమీ తడబడకుండా ఇది దవాఖాన మందు అని చెప్పి, తర్వాతి స్టాపులో దిగి ఆయనకు నీళ్ల ప్యాకెట్ కొనిచ్చి మళ్లీ బస్సెక్కారు. డ్రైవర్ తిట్లు నేను కూడా తిన్నాను.

అడగకుండా ఎవరిదీ తెచ్చేవారు కాదు. మా ఊర్లనే పాతిపెట్టాలె అన్న తల్లి దగ్గర రెండో మాట మాట్లాడేవారు కాదు, అది వాళ్లది అనేవారు. ఒక రోజు నేను పక్కనే ఉన్నాను. జనగామ వైపు అమ్మాయి, అప్పుడే కాన్పయి అలసిపోయి ఉంది. దాంతోటి ఏం జేస్తవమ్మా అని అడిగింది.

"నొప్పులు ఇయ్యాల్నే ఎందుకు మొదలైనయో దాన్ని అడుగుత," అన్నారు మేడమ్.

"చెప్తదా?"

"ఇప్పటిదాంక చెప్పలే."

ఆ అమ్మాయి నవ్వింది. కాని నేను ఒకటి గమనించాను. నెలలు నిండిన కాన్పుల దగ్గరికే మేడమ్ పోయేవారు. నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లి పక్క మంచం మీదున్నా సరే, చూపు తిప్పుకుని ముందుకు నడిచేవారు. ఆమె ప్రశ్న ఉన్నదే ఆ మంచం మీద కదా, అక్కడికి ఎందుకు పోరు అని నాకు అర్థమయ్యేది కాదు. చాలా రోజులకు ఆమే చెప్పారు.

నేను చేరకముందు, ఆమె వయసులో ఉన్నప్పుడు, ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. దొరికిందనుకున్నారు. నెలలు నిండకుండా కాన్పయిన తల్లుల మాయల్లో ఒక పదార్థం కనపడింది. కొవ్వు ఆమ్లం నుంచి పుట్టినదే, హార్మోను లాంటిదే, అంతకుముందు ఎవరూ చూడనిది. నెలలు నిండిన వాళ్లలో అది లేదు. ఒక్కటేనా అని తనను తాను అడుగుకుంటూ ఎంతోమంది తల్లులవి చేశారు. ప్రతిసారీ అదే వచ్చింది. పేపరు అచ్చయింది, బయటి దేశాల నుంచి పిలుపులొచ్చాయి, డిపార్ట్‌మెంటులో దండ వేశారు. ఆ సంబరంలో ఆమె వార్డుకు పోయి, రెండుసార్లు బిడ్డను పోగొట్టుకుని మూడోసారి కడుపుతో వచ్చిన ఒక తల్లితో కారణం దొరికిందమ్మా అని చెప్పారట. ఆ మాట అనకుండా ఉండాల్సింది అని నాతో చాలాసార్లు అన్నారు.

ఆ తర్వాత ఒక పొద్దున వార్డులో కూర్చుని ఉండగా ఆమె కళ్ల ముందే సంగతంతా తెలిసిపోయింది. నెలలు నిండిన కాన్పులు రోజూ ఎన్నో అవుతాయి, ఆమె అక్కడ ఉన్నప్పుడు అయినవే తీసుకుంటారు. మాయ బయటికి రాగానే ఐసులో పెట్టేస్తారు. నెలలు నిండని కాన్పులు వేళ చూసుకుని రావు. ఎప్పుడో ఒకటి, అదీ ఎక్కువగా ఆమె లేనప్పుడే వస్తుంది. ఆమె అడిగి పెట్టారు కాబట్టి ఆయమ్మలు పాపం పారేయకుండా స్టీలు బేసిన్‌లో పెట్టి, ఆమె బస్సు దిగి వచ్చేదాకా ఉంచుతారు. బేసిన్‌కు మూత లేదు. అవి నెలలు నిండని కాన్పులవి కాబట్టి తేడా వచ్చిందా, బేసిన్‌లో గాలికి ఉన్నాయి కాబట్టి వచ్చిందా?

ఎవరికీ చెప్పకుండా, నెలలు నిండిన తల్లి మాయనొకదాన్ని కావాలని బేసిన్‌లో పెట్టి మధ్యాహ్నం దాకా గాలికి వదిలారు. ఆ పదార్థం అందులోనూ వచ్చింది. ఒక్కటేనా అని మళ్లీ చేశారు. మళ్లీ వచ్చింది. గాలి చేసిన పనిని తను తల్లుల మీద రాశానని ఆమెకు తెలిసిపోయింది.

పేపరు వెనక్కి తీసుకుంటున్నానని తనే రాసి పంపారు. తోటి వాళ్లు వద్దన్నారు. అంత దూరం ఎవరు ఆలోచిస్తారు, ఊరుకుంటే సరిపోతుంది అన్నారు. ఈమె వినలేదు. పిలుపులు ఆగిపోయాయి, ప్రొఫెసర్ పదవి తనకన్నా చిన్నవాళ్లకు పోయింది, చేరాల్సిన విద్యార్థులు వేరే గదులకు పోయారు. క్యాంటీన్‌లో వెనక నుంచి గాలి మేడమ్ అని పిలిచేవారట. అవన్నీ ఆమె పట్టించుకోలేదు, లేదా పట్టించుకోనట్టు ఉండగలిగారు. పట్టించుకున్నది ఒక్క దాన్నే. మూడోసారి కడుపుతో వచ్చిన ఆ తల్లికి ఆ బిడ్డా దక్కలేదు. ఆమె మళ్లీ వార్డుకు వచ్చి, అక్కా మందు దొరికిందంటివి కదా అని అడిగింది. కారణమంటే మందే అనుకుంది ఆ మనిషి. మేడమ్ ఏం జవాబు చెప్పారో నాకు చెప్పలేదు. ఆ రోజు నుంచే నెలలు నిండని కాన్పుల మంచం దగ్గరికి పోవడం మానేశారు.

ఇక ఫ్రీజర్ సంగతి. దాని కింది అరలో, వెనక మూలన, ఒక గాజు ఆంప్యూల్ ఉండేది. ఇంజెక్షన్ మందులు వస్తాయి చూడండి, మెడ విరిచి తెరిచేవి, అలాంటిదే. ఆ సంబరం రోజుల్లోనే ఒకసారి మేడమ్ వార్డులో ఉండగా ఒక తల్లిని ఆటోలో తెచ్చారు. వస్తూనే కాన్పయింది, నెలలు నిండలేదు. ఆ మాయను మేడమ్ తన చేతులతో అందుకుని వెంటనే ఐసులో పెట్టి ల్యాబుకు తెచ్చి, అందులోని కొవ్వును వేరు చేసి, ఆంప్యూల్‌లో నైట్రోజన్ నింపి, మంట మీద మెడ కరిగించి మూసేశారు. తర్వాత చేద్దామని దాచినది. పేపరు వెనక్కి తీసుకున్నాక చూసుకుంటే, నెలలు నిండని కాన్పుల శాంపిళ్లన్నిటిలో బేసిన్ ముఖం చూడనిది అదొక్కటే అని తేలింది. దాన్ని తెరిస్తే తెలిసిపోతుంది. ఆ పదార్థం అందులో లేకపోతే ఆమె వెనక్కి తీసుకోవడం న్యాయం. ఉంటే, ఆమె మొదట చెప్పిందీ నిజమే. గాలి కూడా చేస్తుంది, తల్లీ చేస్తుంది.

ఆమె తెరవలేదు. అప్పటి మెషీన్లకు శాంపిల్ మొత్తం పోయాలి, పోసినా జవాబు స్పష్టంగా రాకపోవచ్చు, మంచి మెషీన్ రానీ అన్నారు. మంచి మెషీన్ హబ్సిగూడలోని ఒక పరిశోధన సంస్థకు వచ్చింది, నడిచి పోయేంత దూరం. ఒక చుక్క చాలు. వచ్చే నెల చూద్దాం అన్నారు. రిటైరయ్యారు, వచ్చే నెల రాలేదు. అయినా రోజూ తార్నాక నుంచి నడుచుకుంటూ వచ్చి, ఫ్రీజర్ తలుపు నొక్కి చూసి, మా విద్యార్థుల శాంపిళ్లు వాసన చూసి పోయేవారు. మెషీన్ కంటే ముందు ముక్కు అని ఆమె నియమం. చెడిన కొవ్వు ఆమ్లాన్ని గొట్టం మూత తీయగానే పట్టేసేవారు.

పోయిన ఏడాది నడక తగ్గింది. నేను ఇంటికి పోయి కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం వాళ్ల చెల్లెలు మిర్చి బజ్జీలు పెట్టి లోపలికి పోయాక, ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నారు. ఆమె మనిషిని ముట్టుకుని మాట్లాడే రకం కాదు.

"ఆ ఆంప్యూల్ నేను పోయినంక తెరువు," అన్నారు.

"మీరుండంగనే తెరుద్దాం మేడమ్. రేపే పోదాం."

"వద్దు. ఉన్నదని తేలితే, నిజాన్ని అబద్ధమని నా చేతితోటి రాసినట్టు. గా తల్లులను ఇడిసిపెట్టినట్టు. లేదని తేలితే, ఇన్నేండ్లు ఒట్టి గాజుముక్కను కాపాడుకున్నట్టు. ఏది ఇన్నా నాకు నిద్ర రాదు. నువ్వైతే తట్టుకుంటవ్."

తట్టుకుంటాను అన్నాను. పెద్దమనిషి అడిగితే అనకుండా ఉంటామా. ఆమె చెయ్యి వదిలి, బజ్జీల గిన్నె మీద పళ్లెం బోర్లించారు.

ఆమె పోయిన వారానికి వాళ్ల చెల్లెలు నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది. షెల్ఫు నిండా సీసాలు, డబ్బాలు, నూనె, నెయ్యి, పచ్చళ్లు, అన్నీ బిగించి ఉన్నాయి. "అక్క పెట్టిన మూత నాకు ఎన్నడు రాలే బిడ్డా. రోజూ ఆమెనే తీసిచ్చేది. ఇప్పుడు కూరల నూనె పొయ్యాల్నంటే ఎట్ల?" అంది. నేను కొంగు పట్టి తిప్పాను, రాలేదు. వేడినీళ్లలో పెట్టి తిప్పితే వచ్చింది. లోపలి నుంచి కమ్మటి పల్లినూనె వాసన వచ్చింది. అక్క దాన్ని ఎప్పుడు పోసిందో ఆవిడకూ తెలియదు. ఇద్దరం ఆ సీసా మధ్యలో పెట్టుకుని వంటింటి నేల మీద కూర్చుని ఏడ్చాం. లేచేటప్పుడు ఆవిడ మూత వదులుగా పెట్టబోయి ఆగి, నా వైపు చూసి, గట్టిగా బిగించింది. ఆవిడకు కూడా వినపడుతోందని నాకు అప్పుడు తెలిసింది.

ఫ్రీజర్ ఖాళీ చేయమని మా హెడ్ చెప్పారు. పాతది, కరెంటు తాగుతోంది, స్క్రాపుకు రాసేశారు. నేను ఆంప్యూల్ తీసి ఆ నీలం ఫ్లాస్కులోనే ఐసు మధ్య పెట్టుకుని హబ్సిగూడకు నడిచాను. మెట్రో కింద, టిఫిన్ సెంటర్ల ముందు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ జనం మధ్యలో నుంచి పోతుంటే, ఫ్లాస్కులో ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టు అనిపించింది. నేను సైన్సు చదువుకున్న దాన్ని. అయినా మూత మీద నుంచి చెయ్యి తీయలేదు.

అక్కడ మెషీన్ చూసుకునే అమ్మాయి అన్నీ సిద్ధం చేసింది. గాజు మెడ మీద గీత గీసి విరిచాను. టక్‌మని చిన్న చప్పుడు. మెషీన్ కంటే ముందు ముక్కు. వంగి వాసన చూశాను. పాత నూనె వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు. ఇన్నేళ్లలో గాలి లోపలికి పోలేదు, ఆమె అంత బాగా మూసింది. ఒక చుక్క తీసి మెషీన్‌కు ఇచ్చాం. తెర మీద గీత చదునుగా సాగింది, సాగింది. పాత పేపరులో ఆమె చెప్పిన చోటికి వచ్చేసరికి లేచింది. చిన్నదే, కాని సన్నగా, నిటారుగా, ఏ అనుమానం లేకుండా. గాలి తగిలితే దానితో పాటు కనపడాల్సిన మిగతా గుర్తులు ఒక్కటీ లేవు.

"వచ్చింది కదా మేడమ్," అంది ఆ అమ్మాయి. ఇప్పుడు నన్ను మేడమ్ అంటున్నారు. 

మర్నాడు డిపార్ట్‌మెంటులో సంతాప సభ. ఫోటోకు దండ, ముందు వరుసలో వాళ్ల చెల్లెలు. హెడ్ చాలా బాగా మాట్లాడారు. తన తప్పును తానే ఒప్పుకోవడం మేడమ్ చేసిన అన్నిటికన్నా గొప్ప పని అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత వాళ్లూ వీళ్లూ లేచి తప్పు, తప్పు అని అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. బతికుండగా గాలి మేడమ్ అన్న నోళ్లలో కొన్ని అక్కడే ఉన్నాయి. నా వంతు వచ్చాక మైకు దగ్గరికి పోయి, అది తప్పు కాదు, నిన్న నా కళ్లతో చూశాను అని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. ఫోటోలో ఆమె కళ్లజోడు నుదుటి మీద ఉంది.

ఒక్కటేనా?

అవును మేడమ్, ఒక్కటే. ఒక్క తల్లిది. బస్సులో నీళ్లడిగిన ముసలాయన సంగతి చెప్పి దిగి వచ్చేశాను. అందరూ నవ్వారు, వాళ్ల చెల్లెలు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఈ నాలుగు మాటలు రాసేదాకా నేను బయట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా ఆమె షరతు మీదే చెబుతున్నాను. ఇది ఒక్కటే, మీరు నమ్మకండి.

తట్టుకుంటాను అని ఆమెకు మాటిచ్చాను. తట్టుకోలేకపోతున్నాను. ఆమె చూపు తిప్పుకుని నడిచిపోయిన మంచాలన్నీ నాకు ఒకటొకటిగా గుర్తొస్తున్నాయి, పక్కన నేనూ ఉన్నాను కదా. ఆంప్యూల్‌లో మిగిలినదాన్ని చిన్న గొట్టంలోకి మార్చి, నైట్రోజన్ వదిలి, మూత బిగించి కొత్త ఫ్రీజర్‌లో పెట్టాను. ఆసుపత్రి అనుమతులు రావడానికి వేసవి అంతా పట్టింది. నెలలు నిండని కాన్పు ఏ వేళకు వచ్చినా నాకు ఫోన్ చేయమని, బేసిన్‌లో పెట్టవద్దని వార్డులో చెప్పి వచ్చాను.

నిన్న మధ్యాహ్నం క్లాసు మధ్యలో ఫోన్ మోగింది. విద్యానగర్ మీదుగా ఆటోలో పోయాను. వార్డు తలుపు దగ్గర ఒక ముసలామె, ఆ అమ్మాయి తల్లి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడో నెల అట. లోపలి నుంచి కేకలు వినపడుతున్నాయి. నేను ఎవరో, ఎందుకొచ్చానో చెప్పి, ఇష్టం లేకపోతే ఇవ్వొద్దన్నాను. ఆమె నీలం ఫ్లాస్కు వైపు చూసింది.

"గట్లయితే మల్లొక్కలకు ఇట్ల కాకుంట జేస్తవా బిడ్డా?"

"తెల్వదమ్మా," అన్నాను. "ఇంకా దొరకలే."

ముసలామె జరిగి, పక్కన కూర్చోమని చోటిచ్చింది. కూర్చున్నాను. ఫ్లాస్కు ఒళ్లో ఉంది. లోపల కేక ఆగినప్పుడల్లా మూత మీద నా చెయ్యి బిగుసుకుంటోంది.